తన పేపరు తానే దిద్దుకునే ఎయిర్ ప్యూరిఫైయర్

వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు పడింది. హాల్లో మూలనున్న ఎయిర్ ప్యూరిఫైయర్ దీపం ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారింది, ఫ్యాను హోరెత్తింది. పదిహేను నిమిషాలకు మళ్లీ ఆకుపచ్చ, మళ్లీ నిశ్శబ్దం. ఇంట్లోవాళ్లకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు, పెట్టిన డబ్బు వృథా కాలేదు. షోరూముల్లో చూపించేదీ ఇదే, కాకపోతే అక్కడ తాలింపు బదులు అగరుబత్తి.

ఇందులో నిజంగా రుజువైనవి రెండే. పొగ వచ్చింది, పొగ పోయింది. యంత్రం లేకపోయినా కాసేపటికి పోయేదే. ఎంత తొందరగా పోయిందన్నదే అసలు ప్రశ్న, దానికి దీపం దగ్గర జవాబు లేదు. పైగా గాలి పాడైందని చెప్పిందీ, బాగుపడిందని చెప్పిందీ, ఇక చాలని ఫ్యాను తగ్గించిందీ ఒకే యంత్రం. పరీక్ష రాసిన పిల్లాడే పేపరు దిద్దుకుని మార్కులు వేసుకున్నట్టు. కాబట్టి సెన్సర్ ఉన్న ప్యూరిఫైయర్ మంచిదా కాదా అని తేల్చాలంటే ఫిల్టర్‌ని ఒకసారి, సెన్సర్‌ని ఒకసారి, సెన్సర్ మాట విని ఫ్యాను ఏం చేస్తుందో మరోసారి, విడివిడిగా చూడాలి. ప్రకటనల్లో మొదటిదే కనిపిస్తుంది. తేడా కొట్టేది ఎక్కువగా మూడోదాంట్లో.

ఫిల్టర్ సంగతి తొందరగానే తేలుతుంది. అసలైన హెపా ఫిల్టర్, అంటే సన్నటి కణాల్ని పట్టే దట్టమైన పోగుల వడపోత, 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతాన్ని ఆపాలి. ఐరోపా లెక్కలో హెచ్13 రకమైతే 99.95 శాతం, అదీ పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన సైజు దగ్గర. అంతకన్నా చిన్నవి సులువుగా జారిపోతాయని చాలామంది అనుకుంటారు కానీ జరిగేది దానికి వ్యతిరేకం. మరీ చిన్న కణాలు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ ఏదో ఒక పోగుకు అంటుకుపోతాయి, పెద్దవి నేరుగా వచ్చి గుద్దుకుంటాయి, మధ్యలో ఉన్నవే మొండివి. ‘హెపా టైప్’, ‘హెపా లాంటిది’ అని రాసి ఉంటే అది హెపా అని ఎవరూ హామీ ఇవ్వలేదని అర్థం. వాసనలకు పెట్టే యాక్టివేటెడ్ కార్బన్ విషయంలో బరువు చూడాలి. వందల గ్రాముల గుళికలు ఉంటే కొంత పనిచేస్తుంది, పల్చటి నల్ల స్పాంజి అయితే కొన్ని వారాల్లో నిండిపోతుంది. అయాన్ల బటన్ ఉంటే ఆపేసుకోవడం మేలు. అలాంటి కొన్ని పరికరాలు ఊపిరితిత్తులకు చెడుచేసే ఓజోన్ వాయువు వదులుతాయనే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంటి ఎయిర్ క్లీనర్లకు 0.05 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులన్న లెక్క) పరిమితి పెట్టింది.

ఇక సెన్సర్. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన డబ్బా అది. లోపల చిన్న లేజర్, దానికి అడ్డంగా కాంతిని పట్టే ఫోటోడయోడ్, గాలిని లాగడానికి బుల్లి ఫ్యాను. కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండలో దుమ్ము మిలమిల్లాడటం అందరూ చూసిందే, ఇక్కడా అంతే. కణం లేజర్ దారికి అడ్డం రాగానే కాంతి చెదురుతుంది. ఆ మెరుపుల్ని లెక్కబెట్టి, మెరుపు బలాన్ని బట్టి కణం సైజు ఊహించి, దాని సాంద్రత ఇంత ఉంటుందిలే అనుకుని, క్యూబిక్ మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని తెర మీద వేస్తుంది. ఇందులో ఎక్కడా తూకం లేదు. చవక మోడళ్లలో లేజర్ బదులు ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ పెడతారు, కొన్నిట్లో అంకె కూడా ఉండదు, రంగొక్కటే.

కాలుష్యాన్ని అధికారికంగా కొలిచే కేంద్రాలు హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఉన్నాయి. ఇలాంటి కేంద్రాల్లో ఎక్కువగా వాడే బీటా పద్ధతి వేరు. గాలిలోని దుమ్మును ఒక టేపు మీద పోగుచేసి, దానిగుండా బీటా కిరణాలు పంపి, ఎంత అడ్డుకుందో చూసి బరువు కడతారు. లోపలికొచ్చే గాలిని కాస్త వెచ్చజేసి తేమ తగ్గిస్తారు కూడా. ఇంటి సెన్సర్‌కు ఆ సదుపాయం ఉండదు. గాలిలో తేమ బాగా పెరిగినప్పుడు ఉప్పు, సల్ఫేటు కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, ఉబ్బిన కణం ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది, తెర మీద అంకె పెరుగుతుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో కిటికీ తీయగానే దీపం నారింజ రంగుకు తిరిగితే అదంతా కాలుష్యమే అనుకోనక్కర్లేదు. స్నానాల గది తలుపు తీసినా, గదిలో హ్యూమిడిఫయర్ పెట్టినా అదే తంతు.

పెద్ద దుమ్ముతో వచ్చే ఇబ్బంది దీనికి తలకిందులు. హైదరాబాద్ పడమటి శివార్లలో అపార్ట్‌మెంట్లు లేచేచోట గాలిలో ఉండేది చాలావరకు మట్టి, సిమెంటు. అవి బరువైన కణాలు, సెన్సర్ బుల్లి ఫ్యాను లాగేలోపే కిందపడతాయి. అందుకే టీపాయ్ మీద వేలితో గీస్తే గీత పడుతుంది, యంత్రం మాత్రం గాలి భేషుగ్గా ఉందంటుంది. రెండూ నిజమే. ఈ సెన్సర్లు చూపే పీఎం 10 (10 మైక్రాన్ల లోపు కణాలు) అంకె చాలావరకు పీఎం 2.5ను (2.5 మైక్రాన్ల లోపు సన్న కణాలు) బట్టి అల్లిన అంచనా. దాన్ని పట్టించుకోకపోతే పోయేదేమీ లేదు.

సెన్సర్ల స్పెసిఫికేషన్లలో ఇంకో చిన్న మాట ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న లేజర్ సెన్సర్లు చాలావాటికి 100 మైక్రోగ్రాముల లోపు కొలతలో 10 అటూ ఇటూ తేడా ఉండొచ్చని తయారీదార్లే రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దులేమో పీఎం 2.5 ఏడాది సగటు 5, 24 గంటల సగటు 15. అంటే యంత్రం 8 అని చూపిస్తే అసలు గాలి ఆ హద్దులో ఉందో లేదో ఆ సెన్సర్ తేల్చలేదు. తెర మీద 8 పోయి 6 వచ్చిందని సంబరపడటం, 11 అయిందని టెన్షన్ పడటం రెండూ దండగ.

వాసన సెన్సర్ ఉన్న మోడళ్ల కథ వేరే. వేడెక్కిన లోహపు ఆక్సైడ్ పొర మీద ఆల్కహాల్ లాంటి ఆవిర్లు తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఏ ఆవిరో దానికి తెలీదు. శానిటైజర్, గోళ్ల రంగు, సెంటు, మగ్గిన మామిడిపండు, ఏదైనా దానికి ఒకటే. చాలావాటిలో అంకె కూడా నికరమైనది కాదు, గత కొన్ని గంటల్లో ఉన్న గాలితో పోల్చి చెప్పేది. రోజంతా కొత్త ప్లైవుడ్ వాసన కొట్టే గదిలో పెడితే కొంతసేపటికి దానికదే మామూలు గాలి అయిపోతుంది. ఇలాంటి సెన్సర్ నుంచి లెక్కగట్టి కార్బన్ డయాక్సైడ్ ఇంత అని చూపే మోడళ్లున్నాయి. ఆ అంకెను నమ్మడానికి లేదు. కార్బన్ డయాక్సైడ్‌ని నేరుగా కొలవాలంటే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి సెన్సర్ విడిగా ఉండాలి.

కొలతలో తప్పులున్నా సర్దుకోవచ్చు. ఆ కొలతను పట్టుకుని యంత్రం తీసుకునే నిర్ణయంతోనే చిక్కు.

ఆటో మోడ్‌ని అర్థం చేసుకోవాలంటే ఏసీ రిమోట్‌ని తలుచుకుంటే చాలు. 24 పెడితే గది 24కు రాగానే కంప్రెసర్ ఆగుతుంది. ఆ 24ను ఎంచుకున్నది ఇంట్లోవాళ్లు. ప్యూరిఫైయర్ ఆటో మోడ్ కూడా అలాంటిదే. కాకపోతే చాలా మోడళ్లలో ఆ అంకెను ఎంచింది కంపెనీ, రిమోట్ మీద అది కనిపించదు. గాలి ఆ హద్దు కిందికి రాగానే ఫ్యాను అడుగు వేగానికి పడిపోతుంది. పక్కింటివాళ్లు 28 దగ్గర పెట్టిన ఏసీ కింద కూర్చుని ఇది చల్లబడదేమిటని విసుక్కోవడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే.

ఆ హద్దు ఎక్కడుందో తెలియాలంటే ఆకుపచ్చ ఎవరి ఆకుపచ్చో అడగాలి. పీఎం 2.5 క్యూబిక్ మీటరుకు 50 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. భారతదేశపు వాయు నాణ్యత సూచీలో 31 నుంచి 60 దాకా ‘సంతృప్తికరం’, మన 24 గంటల ప్రమాణమే 60. చైనా 2012 ప్రమాణంలో 24 గంటల సగటుకు 75 దాకా సరే. అదే 50 అమెరికా సూచీలో ఉబ్బసం, గుండె జబ్బులున్నవాళ్లకు, పిల్లలకు, ముసలివాళ్లకు మంచిది కాదన్న వరుసలో పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 15కు మూడింతలు దాటింది. ఒకే గాలి, ఒకే అంకె, ఏ దేశపు పట్టిక చూసి రంగు వేశారన్నదాన్ని బట్టి ఆకుపచ్చా కావచ్చు, నారింజా కావచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లాడి గదికి కొన్న యంత్రం 75 దాకా ఆకుపచ్చ చూపించేదైతే అది ఎవరికోసం పనిచేస్తున్నట్టు?

లెక్క వేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తున్న పడకగదిలో గాలి దాదాపు 40 క్యూబిక్ మీటర్లు. ప్యూరిఫైయర్ పెట్టె మీద సీఏడీఆర్ అని రాసి ఉండేది అది గంటకు ఇచ్చే శుభ్రమైన గాలి. 300 క్యూబిక్ మీటర్లనుకుంటే ఆ గది గాలంతా గంటకు 7.5 సార్లు శుభ్రపడ్డట్టు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2023లో కనీసం 5 సార్లు ఉండేలా చూసుకోమంది, కాబట్టి కాగితం మీద ఇది మంచి యంత్రమే. కానీ ఆ 300 ఫ్యాను పూర్తి వేగంతో తిరిగినప్పటి మాట. రాత్రి నెమ్మదించినప్పుడు 60 ఇస్తుందనుకుందాం, అంటే గంటకు 1.5 సార్లు. తలుపు కింద సందు, కిటికీ చట్రాల చుట్టూ సందులు ఉండనే ఉంటాయి, వాటి గుండా గంటకు ఒక గది గాలి బయటినుంచి వస్తుందనుకుందాం. బయట చలికాలపు రాత్రి పీఎం 2.5 80 ఉందనుకుందాం. పూర్తి వేగంతో నడిస్తే లోపల 9 దగ్గర నిలుస్తుంది. అడుగు వేగంతో నడిస్తే 32 దగ్గర నిలుస్తుంది.

యంత్రం హద్దు 35 అయితే ఆ రెండిట్లోనూ దీపం ఆకుపచ్చే. ఒక గంట హోరెత్తించి 9కి దించినా ఆటో మోడ్ ఆ తర్వాత మెల్లగా 32 దాకా ఎక్కనిచ్చి తెల్లార్లూ అక్కడే కూర్చుంటుంది, ఇంట్లోవాళ్లు ఆకుపచ్చ చూసుకుని నిద్రపోతారు. యంత్రంలో లోపమేమీ లేదు. చెప్పినట్టే నడిచింది, చెప్పింది మాత్రం ఇంట్లోవాళ్లు కాదు. వాడేది ఐదో వంతు యంత్రమైనా చెల్లించింది పూర్తి ధర.

సెన్సర్ ఉన్న చోటు వల్ల ఇది ఇంకాస్త ముదురుతుంది. అది యంత్రం ఒంటికే, పక్కనో వెనకో, గోడవైపు తిరిగి ఉంటుంది. శుద్ధి చేసిన గాలి ఊదే చోటికి జానెడు దూరం. గదిలో అన్నిటికన్నా శుభ్రమైన గాలి దొరికేది అక్కడే, మంచం మీద తలగడ దగ్గర కాదు. కుర్చీల వెనక, కర్టెన్ మాటున యంత్రాన్ని పెడితే ఊదిన గాలే తిరిగి పీల్చుకుంటూ గదంతా బాగుందని చెబుతుంది. సీలింగ్ ఫ్యాను చిన్నగా తిరుగుతుంటే గాలి కలిసి ఈ తేడా తగ్గుతుంది.

ఇదంతా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. కావాల్సింది అగరుబత్తి, ఫోను గడియారం, అంకె చూపే చిన్న మానిటర్ ఒకటి. మానిటర్ కచ్చితమైనది కాకపోయినా ఫరవాలేదన్నది ఈ పరీక్షలో అందమైన సంగతి. ఎందుకంటే ఇక్కడ కావాల్సింది పీఎం ఎంతుందన్నది కాదు, ఎంతసేపట్లో సగానికి పడిందన్నది. మానిటర్ అన్నిటినీ ముప్ఫై శాతం ఎక్కువ చూపించినా 400 నుంచి 200కు పడే సమయం మారదు. అమెరికా గృహోపకరణాల తయారీదార్ల సంఘం సీఏడీఆర్‌ని లెక్కగట్టే మూలసూత్రమూ ఇదే, కాకపోతే వాళ్లది 1008 ఘనపుటడుగుల మూసిన గది.

తలుపులు కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను చిన్నగా పెట్టి, మానిటర్‌ని యంత్రానికి దూరంగా మంచం ఎత్తులో ఉంచి, అగరుబత్తి వెలిగించి అంకె నాలుగైదు వందలకు చేరాక ఆర్పి బయటికి తెచ్చేయాలి. మనుషులు ఆ పొగలో కూర్చోకుండా తలుపు అద్దంలోంచో ఫోను యాప్‌లోనో చూడాలి. మొదట యంత్రం లేకుండా అంకె సగానికి పడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. రెండోసారి పూర్తి వేగంలో, మూడోసారి రాత్రి వాడే వేగంలో. సగానికి పడే నిమిషాల్ని గంట లెక్కకు మార్చే గుణకం 42, దాన్ని ఆ నిమిషాలతో భాగిస్తే గంటకు ఎన్నిసార్లు గాలి శుభ్రపడుతోందో వస్తుంది. యంత్రం లేకుండా 40 నిమిషాలు పట్టిందంటే దాదాపు 1. పూర్తి వేగంలో 5 నిమిషాలంటే 8.4. తేడా 7.4ను గది 40 క్యూబిక్ మీటర్లతో హెచ్చిస్తే 296. పెట్టె మీద 300 ఉంటే కంపెనీ నిజం చెప్పినట్టే. అదే రాత్రి వేగంలో 17 నిమిషాలు పడితే దాదాపు 2.5, తేడా 1.5, చేతికొచ్చింది 60. అంకె బయటి గాలి స్థాయికి దగ్గరపడే ముందే కొలవడం ఆపాలి, లేదంటే లెక్క తప్పుతుంది.

నాలుగోసారి ఆటో మోడ్ పెట్టి, మళ్లీ పొగ వేసి గమనించాలి. గదికి అవతలి మూల లేచిన పొగను పసిగట్టడానికి ఎంతసేపు తీసుకుంది? ఏ అంకె దగ్గర ఫ్యాను తగ్గించింది? ఆ రెండో జవాబే కంపెనీ రిమోట్ మీద రాయని హద్దు. అది 15 దరిదాపుల్లో ఉంటే ఆటోలో వదిలేయొచ్చు. 35 అయితే పడకగదిలో ఆటో పనికిరాదు, మధ్య వేగంలో ఆపకుండా నడపడమే నయం. 75 అయితే ఆ సెన్సర్‌ని తాలింపు గంట అనుకుని, వేగం చేత్తో పెట్టుకోవాలి.

మధ్య వేగంలో నడపమంటే శబ్దం మాట వస్తుంది. పడకగదిలో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. చాలా యంత్రాలు పూర్తి వేగంలో దానికి బాగా పైన అరుస్తాయి, అందుకే జనం స్లీప్ మోడ్ నొక్కుతారు. కాబట్టి చిన్న యంత్రాన్ని గరిష్ఠ వేగంలో నడిపే బదులు గదికి రెండింతల యంత్రం కొని సగం వేగంలో నడపడం ఖర్చయినా తెలివైన పని. కరెంటు భయం అక్కర్లేదు, 40 వాట్ల యంత్రం రోజంతా తిరిగినా ఒక యూనిట్ కాలదు. అసలు ఖర్చు ఫిల్టర్‌ది. ఫిల్టర్ ఇంకా 60 శాతం ఉందని యాప్ చెబితే అది ఫిల్టర్‌ని చూసి చెప్పిన మాట కాదు, చాలా మోడళ్లలో అది ఫ్యాను తిరిగిన గంటల లెక్క. నిర్మాణాల పక్కనున్న ఇంట్లో ముందే మూసుకుపోతుంది, చెట్ల మధ్య ఇంట్లో ఏడాదైనా బాగుంటుంది. ఆరునెలలకోసారి పై అగరుబత్తి పరీక్ష చేస్తే సగానికి పడే సమయం పెరుగుతూ పోవడం కనబడుతుంది. అదే అసలు సూచిక. సెన్సర్ రంధ్రంలో పేరుకున్న దుమ్మును పొడి దూది పుల్లతో అప్పుడప్పుడు తుడవాలి, లేదంటే లెన్సు మసకబారి కొలత దారి తప్పుతుంది.

దోమల కాయిల్ వెలిగించే ఇంట్లో మాత్రం ఈ కొలతలన్నీ పక్కన పెట్టొచ్చు. ఒక కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత పీఎం 2.5 వస్తుందని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. కాయిల్, ప్యూరిఫైయర్ ఒకే గదిలో పెట్టడమంటే కుళాయి విప్పి నేల తుడవడమే. కిటికీకి దోమతెర కొట్టించడం ప్యూరిఫైయర్ కన్నా చాలా చవక.

మూసిన పడకగదిలో సెన్సర్ అస్సలు చూడని సంగతి ఇంకొకటి ఉంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ప్యూరిఫైయరూ అంతే. ఇద్దరు పడుకున్న గదిలో కార్బన్ డయాక్సైడ్ తెల్లారేసరికి బయటి గాలిలోని 400 పైచిలుకు పీపీఎం నుంచి వేయి దాటి ఎక్కడికో పోతుంది, దీపం మాత్రం ఆకుపచ్చగానే వెలుగుతుంటుంది. గ్యాస్ పొయ్యి వదిలే కార్బన్ మోనాక్సైడ్‌నూ హెపా పట్టదు, కార్బనూ పట్టదు. పొద్దున్నే కిటికీలు తీస్తే ఉక్కపోత గాలి బయటికి పోతుంది, బయటి దుమ్ము లోపలికి వస్తుంది, సెన్సర్ దాన్నొక్కదాన్నే చూసి ఎర్రబడి అరుస్తుంది. ఆ అరుపుకు కంగారుపడి కిటికీ మూసేయక్కర్లేదు. పది నిమిషాలు తెరిచి ఉంచి తర్వాత మూస్తే, గదికి సరిపడా యంత్రం పూర్తి వేగంలో పదిహేను ఇరవై నిమిషాల్లో ఆ దుమ్మును దించేస్తుంది.